చీషీ పండుగకు చైనా వెళ్ళాలనుకునేవాళ్ళకు: గ్వాంగ్‌జౌ, షియాన్, షీహ

ఆగస్టు వచ్చిందంటే చైనా నగరాల్లో మాల్స్ అన్నీ గులాబీలతో నిండిపోతాయి. రెస్టారెంట్లలో జంటలకు ప్రత్యేక భోజనాలు, హోటళ్ళలో పెంచిన రేట్లు, పెళ్ళి రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు క్యూలు. చీషీ అనే ఈ పండుగకు బయటి ప్రపంచంలో 'చైనా వాలెంటైన్స్ డే' అనే పేరు పడిపోయింది. పండుగ చూద్దామని వెళ్ళి నగరంలోనే ఉండిపోతే మీరు చూసేది ఇంతే. ఊళ్ళలోకి వెళ్తే వేరే పండుగ కనిపిస్తుంది. అక్కడ ఆడపిల్లలు నేతగత్తె దేవతను పిలిచి, మా చేతులకు పనితనం ఇవ్వు, మంచి బతుకు ఇవ్వు అని అడుగుతారు. 2024 ఆగస్టులో నేనూ మా అక్కా ఆ పండుగ కోసమే వెళ్ళాం. అక్క హనుమకొండలో మగ్గం వర్క్ చేయిస్తుంది. నేతగత్తె పేరు మీద పండుగ ఉందని తెలిసిన దగ్గర్నుంచి వెళ్దామని నా వెంట పడింది. ఎక్కడెక్కడ ఉన్నాం, ఏది బాగుంది, దేనికి డబ్బు దండగ అనేది వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

కథ క్లుప్తంగా చెప్తాను. ఆకాశంలో బట్టలు నేసే దేవకన్య భూమి మీది పశువుల కాపరిని చేసుకుంది. ఇద్దరు పిల్లలు పుట్టారు. దేవతల రాణికి కోపం వచ్చి ఆమెను వెనక్కి లాక్కుపోయింది. కాపరి పిల్లలిద్దరినీ కావడిలో పెట్టుకుని వెంటపడితే, రాణి తన జడలోని సూది తీసి ఆకాశం మీద గీత గీసింది. ఆ గీతే పాలపుంత. ఏడాదికి ఒక్క రాత్రి, చైనా పంచాంగంలో ఏడో నెల ఏడో రాత్రి, మాగ్‌పై పిట్టలు గుంపుగా వచ్చి వంతెన కడితే ఇద్దరూ కలుసుకుంటారు.

ఈ కథలోని నక్షత్రాలు మనకు కొత్తవి కావు. నేతగత్తె అంటే మన అభిజిత్, ఖగోళ శాస్త్రంలో వేగా. కాపరి అంటే మన శ్రవణం, అంటే ఆల్టెయిర్. శ్రవణానికి అటూ ఇటూ ఉన్న రెండు చిన్న చుక్కలే కావడిలోని పిల్లలు. ఏ నక్షత్రం పేరు మీద మనం శ్రావణ మాసం అంటున్నామో, ఆ నక్షత్రమే అక్కడ ఆ నెలలోనే పెళ్ళాం కోసం ఎదురుచూసే కాపరి! ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అందుకే పండుగ తేదీ కోసం ఇంటర్నెట్‌లో వెతికే అవసరం పెద్దగా ఉండదు, మన పంచాంగం తీస్తే చాలు. చాలా ఏళ్ళలో అది శ్రావణ శుద్ధ సప్తమికి అటూ ఇటూగా పడుతుంది. 2024లో ఆగస్టు 10న వచ్చింది. అధిక మాసాలు తేడాగా వచ్చిన ఏడాది మాత్రం జరిగిపోతుంది. 2025లో చైనా పంచాంగంలో ఆరో నెల రెండుసార్లు వచ్చింది కాబట్టి ఆగస్టు 29న, మన వినాయక చవితి అయిన రెండో రోజున పడింది.

వీసా సంగతి. మేము వెళ్ళినప్పుడు హైదరాబాద్‌లో చైనా వీసా కేంద్రం లేదు. మేము ఏజెంటు ద్వారా ఢిల్లీకి కాగితాలు పంపాం. అప్పటికి ఇండియా నుంచి నేరు విమానాలు లేవు కాబట్టి కౌలాలంపూర్ మీదుగా గ్వాంగ్‌జౌ చేరాం. విమానాశ్రయం నుంచి మెట్రో ఉంది, సూట్‌కేసులు మరీ పెద్దవి కాకపోతే క్యాబ్ అక్కర్లేదు. మెట్రో టికెట్టు 2 యువాన్ల నుంచి మొదలవుతుంది, స్టేషన్ల పేర్లు ఇంగ్లీషులోనూ రాసి ఉంటాయి.

గ్వాంగ్‌జౌలో మేము చూడాలనుకున్నది జూత్సున్. నగరానికి తూర్పున, తియాన్‌హ జిల్లాలో ఉంటుంది. ఒకప్పుడు పొలాల మధ్య ఊరు, ఇప్పుడు నగరం చుట్టూ పెరిగి దాన్ని మింగేసింది. అపార్ట్‌మెంట్ల సందుల్లోంచి నడిచి వెళ్తే హఠాత్తుగా చెరువు, దాని ఒడ్డున బూడిదరంగు ఇటుకల పాత మండపాలు కనిపిస్తాయి. ఊళ్ళో పాన్ ఇంటిపేరువాళ్ళు ఎక్కువ. వాళ్ళ పూర్వీకుల మండపాల్లోనే పండుగ బల్లలు పరుస్తారు. ఇక్కడివాళ్ళు నేతగత్తె ఒక్కదాన్నే పూజించరు, ఆమెతో కలిపి ఏడుగురు అక్కచెల్లెళ్ళను పూజిస్తారు. అందుకే బల్ల మీద ఏది పెట్టినా ఏడేసి ఉండాలి. ఏడు చిన్న గిన్నెలు, ఏడు జతల చాప్‌స్టిక్స్, బొటనవేలంత గౌన్లు ఏడు, గోరంత చెప్పుల జతలు ఏడు.

పండుగ ముందు రోజుల్లో వెళ్ళడం మాకు కలిసొచ్చింది. ఇక్కడ అసలు పూజ ఏడో తేదీన కాకుండా ఆరో రాత్రే మొదలవుతుంది. ఆ రాత్రి జనం విరగబడతారని, బల్లల దగ్గరికి వెళ్ళడం కూడా కష్టమని ఊళ్ళోవాళ్ళే చెప్పారు. ముందు వెళ్తే మండపం వసారాలో పెద్దవయసు ఆడవాళ్ళు కూర్చుని పని చేస్తూ కనిపిస్తారు. వాళ్ళ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద మీరూ కూర్చోవచ్చు. అక్క ఆ వసారా దగ్గర చతికిలబడిపోయింది, మళ్ళీ లేపడం నా వల్ల కాలేదు.

ఒకామె, డెబ్బై దాటి ఉంటాయి, నువ్వుగింజలతో పువ్వు చేస్తోంది. కాగితం మీద జిగురు సన్నగా రాసి, పట్టకారుతో ఒక్కో నువ్వుగింజను మొన బయటికి వచ్చేలా నిలబెడుతోంది. గింజ కొంచెం వంగినా తీసేసి మళ్ళీ పెడుతుంది. ఒక రేకు పూర్తి కావడానికి ఎంతసేపు పట్టిందో, మేము తెచ్చుకున్న టీ పూర్తిగా చల్లారిపోయింది. పక్కామె చేప పొలుసులకు రంగు వేసి రేకుల్లా అమరుస్తోంది. ఇంకొకామె తెల్లగా, మెత్తగా ఉండే మొక్క బెండును పలచని పొరలుగా కోసి మల్లెపూలు చేస్తోంది. వడ్లగింజలు, పిస్తా తొక్కలు, గుడ్డు పెంకులు, పట్టుకాయలు, చేతికి దొరికినవన్నీ వస్తువులైపోతున్నాయి. "చూడవే, గింజ తిప్పడం చూడు, మనం పూస ఎక్కించేటప్పుడు వేలు ఇలాగే తిరుగుతుంది" అని అక్క నా చేయి పట్టి లాగింది. తర్వాత తన ఫోన్‌లో తను చేయించిన బ్లౌజుల ఫోటోలు చూపించింది. ఆ ఆడవాళ్ళు కళ్ళజోళ్ళు నుదుటి మీదికి తోసుకుని, ఫోటోలు పెద్దవి చేసుకుని, కుట్టు మధ్యలో దారం ఎక్కడ ముగిసిందో వెతికారు. ఒక్కళ్ళకీ ఇంకొకళ్ళ భాష రాదు. గంటసేపు మాట్లాడుకున్నారు.

ఈ పనితనం ఒకసారి ఆగిపోయిందని తెలుసుకోవాలి. 1960ల సాంస్కృతిక విప్లవ కాలంలో పూజలు, బల్లలు అన్నీ బంద్ అయ్యాయి. మూడు దశాబ్దాల తర్వాత, 1990ల చివర్లో, చిన్నప్పుడు చూసినవి గుర్తున్న ముసలమ్మలు మళ్ళీ మొదలుపెట్టారు. 2005 నుంచి ప్రభుత్వమే ఉత్సవంగా జరుపుతోంది. తియాన్‌హ ఆచారాలు 2011లో జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఊళ్ళోనే ఒక పాత మండపంలో ఈ పండుగకే ప్రత్యేకంగా మ్యూజియం పెట్టారు. మ్యూజియం చిన్నదే, కానీ పండుగ లేని నెలల్లో వచ్చేవాళ్ళకు బల్లలు ఎలా ఉంటాయో అక్కడ చూడొచ్చు. ఇంగ్లీషు వివరాలు తక్కువ.

పూజలో నాకు నచ్చిన ఆచారాలు రెండు చెప్తాను. పండుగకు కొద్దిరోజుల ముందు చిన్న పళ్ళెంలో వడ్లు నానబోసి మొలకలు పెంచుతారు. వేలెడెత్తు నారు వచ్చాక ఎర్ర దారం కట్టి దేవతల ముందు పెడతారు. రెండోది నీళ్ళు. ఏడో తేదీ తెల్లవారుజామున తోడిన నీళ్ళు ఏడాదైనా చెడవని, జ్వరానికీ వేడికీ మందుగా పనిచేస్తాయని నమ్మి జాడీల్లో దాచుకునేవారు. ఇప్పుడు నల్లా నీళ్ళే అయినా, కొందరు ముసలమ్మలు ఆ ఉదయం సీసాలు నింపి పెట్టుకుంటారట.

బస విషయానికొస్తే, జూత్సున్ ఊళ్ళో ఉండాలని పట్టుపట్టకండి. తియాన్‌హలో ఐదో మెట్రో లైనుకు దగ్గరగా ఎక్కడైనా తీసుకుని, దోంగ్‌పు స్టేషన్‌లో దిగి అక్కణ్ణుంచి క్యాబ్‌లో వెళ్ళడం సుఖం. మేము మొదట బుక్ చేసిన గెస్ట్‌హౌస్ చవగ్గా ఉంది, ఫోటోలు బాగున్నాయి. తీరా వెళ్ళాక పాస్‌పోర్టు చూసి విదేశీయులకు గది ఇవ్వలేమన్నారు. రాత్రి పది గంటలు, చేతిలో సూట్‌కేసులు, బయట వాన. టెన్షన్ పడిపోయాం. చివరికి మెట్రో పక్కనే ఉన్న కాస్త పెద్ద హోటల్లో రెట్టింపు ఇచ్చి తీసుకున్నాం. విదేశీయులను ఇలా తిప్పి పంపవద్దని చైనా ప్రభుత్వమే చెప్పింది, అయినా చిన్నచోట్ల పోలీసు రిజిస్ట్రేషన్ చేయడం తెలియక తప్పించుకుంటారు. కాబట్టి బుక్ చేసిన రోజే యాప్‌లో మెసేజ్ పెట్టి, ఇండియన్ పాస్‌పోర్టుకు గది ఇస్తారా అని అడిగి, సమాధానం స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తెలిసినవాళ్ళ ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో మీరే నమోదు చేయించుకోవాలి.

ఆగస్టు గ్వాంగ్‌జౌ అంటే ఉక్క, మధ్యమధ్యలో కుండపోత వాన. గొడుగు, ఆరిపోయే చెప్పులు ఉండాలి. భోజనం సమస్య కాదు. ఇండియా నుంచి సరుకు కొనడానికి వచ్చేవాళ్ళు చాలామంది ఉండడం వల్ల షావ్‌బేయ్, తావ్‌జిన్ వైపు మన హోటళ్ళు ఉన్నాయి.

అక్కణ్ణుంచి విమానంలో షియాన్ వెళ్ళాం. షియాన్‌లో ఆగింది కున్మింగ్ సరస్సు కోసం. హాన్ చక్రవర్తి వూ క్రీస్తుపూర్వం 120లో నౌకాదళానికి శిక్షణ ఇవ్వడానికి దీన్ని తవ్వించాడు. సరస్సును పాలపుంతగా భావించి, దాని రెండు వైపులా కాపరి, నేతగత్తె రాతి విగ్రహాలు నిలబెట్టారు. ఆ విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి. రెండు వేల ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళు వాటిని రాతి తాత, రాతి అవ్వ అని పిలుచుకుంటూ దీపాలు పెడుతున్నారు. ఆ మాట చదివే నేను ఆగాను. కానీ సరస్సు చుట్టూ ఇప్పుడు కట్టిన పార్కు మాత్రం నన్ను నిరాశపరిచింది. ప్రేమ గేట్లు, తాళాలు వేలాడదీసే కమ్మీలు, ఫోటోల కోసం కట్టిన వంతెనలు, అన్నీ కొత్తవి, అన్నీ ఒకేలా ఉన్నవి. సగం రోజు పోయింది, క్యాబ్‌కు బాగానే ఖర్చయింది. చరిత్ర మీద ఇష్టం ఉండి, షియాన్‌లో ఎటూ ఉంటారనుకుంటే పాత విగ్రహాల గుళ్ళ దాకా మాత్రం వెళ్ళండి. పార్కు కోసమే అయితే వద్దు.

షియాన్ ఉత్తర స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలులో తియాన్‌షుయ్ దక్షిణ స్టేషన్‌కు రెండు గంటల లోపే. టికెట్లు ప్రయాణానికి 15 రోజుల ముందు తెరుస్తారు, సెలవుల్లో గంటల్లో అయిపోతాయి. పాస్‌పోర్టుతో కొన్నవాళ్ళకు ఆటోమేటిక్ గేటు ఒక్కోసారి తెరుచుకోదు, పక్కన మనిషి ఉన్న గేటుకు వెళ్ళాలి. తియాన్‌షుయ్‌లో ఒక రాత్రి ఉంటే మైజీషాన్ గుహలు చూడొచ్చు. కొండ చరియకు మెట్లు వేలాడదీసి, దాన్లో బుద్ధుడి విగ్రహాలు మలిచిన చోటు. ఎత్తు అంటే భయం ఉన్నవాళ్ళు కిందనుంచే చూసినా బాగుంటుంది. 2024 వసంతంలో ఈ ఊరి మాలాతాంగ్ వీడియోలు చైనా అంతా పాకిపోయి, జనం రైళ్ళు కట్టుకుని వచ్చారు. మనకు కావలసిన కూరగాయలు, టోఫు, బంగాళాదుంప నూడుల్స్ బుట్టలో ఏరి ఇస్తే ఉడికించి, ఎండుమిర్చి పొడి, నూనె పోసి ఇస్తారు. చైనాలో నేను తిన్నవాటిలో మన నాలుకకు దగ్గరగా ఉన్న కారం ఇదే. శాకాహారులు మాత్రం ఉడికించే నీళ్ళు ఏమిటో అడగాలి.

షీహ ఉన్నది గాన్సు రాష్ట్రంలోని లోంగ్నాన్ ప్రాంతంలో. తియాన్‌షుయ్ నుంచి కారులో కొండల మధ్య సుమారు రెండు గంటలు. స్టేషన్ బయట పట్టుకునే డ్రైవర్లు చెప్పే రేటుకు, యాప్‌లో నలుగురు కలిసి వెళ్ళే కారుకు సగానికి సగం తేడా ఉంది. మాకు మాట సాయానికి తియాన్‌షుయ్‌లో చదువుకుంటున్న ఒకమ్మాయి వచ్చింది, ఆమెది షీహ పక్క ఊరే. రోజుకు ఇంత అని మాట్లాడుకున్నాం. మొత్తం ప్రయాణంలో పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా విలువైనది ఆమెకిచ్చిన డబ్బే. ఆ యాస ఫోన్ అనువాద యాప్‌కు అస్సలు ఎక్కదు.

షీహలో, పక్కనున్న లీష్యాన్‌లో ఈ పండుగ ఒక్క రాత్రితో అయిపోదు. ఆరో నెల ఆఖరి రోజు సాయంత్రం మొదలై ఏడో నెల ఏడో రాత్రి దాకా, ఏడు పగళ్ళు ఎనిమిది రాత్రులు సాగుతుంది. వీధికో, వాడకో ఆడపిల్లలు కలిసి ఒకరి ఇంట్లో దేవతను కూర్చోబెడతారు. ఆమెను చ్యావ్ న్యాంగ్‌న్యాంగ్ అంటారు. గడ్డి, వెదురు చట్రానికి రంగు కాగితాల బట్టలు కట్టి, ముఖం గీసి చేసిన బొమ్మ. మొదటి సాయంత్రం, ఐదో నెల ఐదో తేదీ పండుగ నుంచి చేతికి కట్టుకున్న రంగు దారాలను పిల్లలు విప్పి, ఒకదానికొకటి ముడేసి, నీళ్ళ మీదుగా చాచి ఆమె దిగి రావడానికి వంతెన కడతారు. ఆ తర్వాత రోజూ పాటలే. చేయీ చేయీ పట్టుకుని వరసగా నిలబడి, చేతులు ముందుకూ వెనక్కూ ఊపుతూ, చిన్నగా గెంతుతూ పాడతారు. ప్రతి చరణం చివరా దేవతను కిందికి దిగి రమ్మని పిలుపు. ఒక వాడ పిల్లలు ఇంకో వాడ దేవత దగ్గరికి వెళ్తారు, వాళ్ళను అగరొత్తులతో ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్తారు. మాకు చూడగానే బొడ్డెమ్మ గుర్తొచ్చింది. పెళ్ళికాని పిల్లలు, రోజుల తరబడి పాట, చివర నీళ్ళ దగ్గర సాగనంపడం. అక్క ఆ వరసలో ఒక చేయి పట్టుకుని అడుగు కలపడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పాటల్లో ఏముందో ఆ అమ్మాయి చెప్తుంటే విన్నాను. సూది నేర్పు, దారం నేర్పు అని అడిగేవి కొన్ని. మధ్యవర్తి అబద్ధాలు చెప్పి ముసలివాడికి కట్టబెట్టాడని, అత్త సాధిస్తోందని, పాదాలు పెరగకుండా కట్టేసి నడవనివ్వలేదని ఏడ్చే పాత పాటలు కొన్ని. 1936లో ఇక్కడి ఉపాధ్యాయుడు ఒకాయన తన విద్యార్థులను ఊళ్ళమీదికి పంపి ఈ పాటలు రాయించి పెట్టాడు. మిగతా రోజుల్లో నోరు మెదపకూడని పిల్లలకు ఈ ఏడు రోజులే మాట్లాడే వీలు. ప్రేమ పండుగ అని పోస్టర్లు వేసేవాళ్ళు ఈ పాటలు వింటే బాగుండు. ఇప్పుడు బడి పిల్లల కన్నా పెళ్ళయిన ఆడవాళ్ళే ఎక్కువ పాడుతున్నారు. పిల్లలు చదువులకు, పనులకు ఊళ్ళు వదిలి పోవడమే కారణం. ఒకప్పుడు పెళ్ళయ్యాక ఈ వరసలో నిలబడే హక్కే పోయేదట. నలభై ఏళ్ళ ఆడవాళ్ళు అంత ఇష్టంగా గెంతుతూ పాడడం చూస్తే ఈ మార్పు మంచిదే అనిపించింది.

షీహకు దగ్గరలో వాన్‌షియా సరస్సు ఉంది. ప్రభుత్వం జరిపే ప్రారంభోత్సవం, వేదికలు, ఒకే రంగు బట్టలు కట్టిన వందలమంది నాట్యాలు అక్కడే. చూడ్డానికి అందంగానే ఉంటుంది, టీవీ వాళ్ళంతా అక్కడే ఉంటారు. మీకు ఒకే సాయంత్రం ఉంటే మాత్రం సరస్సు వదిలేసి ఏదో ఒక ఇంట్లో కూర్చోబెట్టిన దేవత దగ్గరికి వెళ్ళండి. రావద్దని ఎవరూ అనరు. పళ్ళో, స్వీట్లో, అగరొత్తుల కట్టో తీసుకెళ్తే చాలు. ఫోటో తీసేముందు అడగండి.

ఏడో తేదీ పొద్దున్నే పిల్లలు వరసగా ఊటబావికి వెళ్ళి నీళ్ళు తెచ్చారు. రాత్రికి ఆ నీళ్ళతోనే జాతకం చూస్తారు. దీనికోసం ముందునుంచీ చీకట్లో బఠాణీలు, గోధుమలు మొలకెత్తించి, పొడుగ్గా తెల్లగా వచ్చిన మొలకలకు ఎర్ర కాగితం చుట్టి దేవత ముందు పెడతారు. దీపం పక్కన తెల్ల గిన్నెలో ఆ నీళ్ళు పోశారు. ఒక పిల్ల, పన్నెండేళ్ళుంటాయి, మొలక చివర గిల్లి నీళ్ళలో వేసింది. మొలక తేలుతూ తిరిగింది. గిన్నె అడుగున నీడ పడింది. చుట్టూ తలలన్నీ వంగాయి. సన్నగా, చివర కాస్త మందంగా ఉంది నీడ. కలం అని ఒకామె, సూది అని ఇంకొకామె వాదించుకున్నారు. కలం అయితే చదువు, సూది అయితే పనితనం. ఆ పిల్ల కలమే అని గట్టిగా అరిచింది, అందరూ నవ్వి ఒప్పుకున్నారు. అక్క కూడా వేసింది. ఆమెకు కత్తెర వచ్చిందన్నారు, అక్క దానికి పొంగిపోయింది.

అర్ధరాత్రి దాటుతుండగా దేవతను తీసుకుని పాడుకుంటూ ఏటి ఒడ్డుకు నడిచారు. అక్కడ అగరొత్తులు, కాగితాలతో పాటు బొమ్మను కాల్చేస్తారు. మంట అంటుకోగానే పాట గొంతులు పూడుకుపోయాయి, చాలామంది ఏడ్చేశారు. వారం రోజులు తమ ఇంట్లో కూర్చున్న మనిషిని పంపిస్తున్నట్టే ఏడ్చారు. ఈ రాత్రి కోసమే ఎవరైనా షీహ రావాలి. మిగతా రోజులు చూడకపోయినా ఫర్వాలేదు, ఏడో రాత్రి మాత్రం ఉండాలి.

షీహలో బస పట్నం లోపలి హోటల్లో. గది శుభ్రం, కెటిల్ ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, మన లెక్కలో రెండు వేల రూపాయల లోపే. రిసెప్షన్‌లో పిల్లకు ఇండియా పాస్‌పోర్టు చూడడం అదే మొదటిసారి. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, ఒక్కో పేజీ ఫోటో తీసి పంపి, గంట తర్వాత తాళం ఇచ్చింది. ఆ గంటా మాకు టీలు పోస్తూనే ఉంది. లిఫ్టు లేదు, ఇంగ్లీషు ఒక్క ముక్క లేదు. పండుగ ఆఖరి మూడు రోజులు గదులు నిండిపోతాయి. కొండ ప్రాంతం కాబట్టి ఆగస్టులో కూడా రాత్రిళ్ళు చలి. ఏటి ఒడ్డున నిలబడడానికి స్వెట్టర్ కావాలి.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. పులియబెట్టిన ఆకుకూర నీళ్ళలో వేసిచ్చే జ్యాంగ్‌షుయ్ నూడుల్స్ ఇక్కడి రోజువారీ భోజనం. పుల్లగా, చల్లగా, ఎండలో తిరిగి వచ్చాక ప్రాణం లేచొస్తుంది. ఉడికించిన బంగాళాదుంపలను రోకలితో సాగేదాకా దంచి, పైన వెనిగరు, మిరప నూనె పోసిచ్చే జ్యావ్‌త్వాన్ అయితే రోజూ తిన్నాం. మాంసం వద్దు అని చైనీస్‌లో రాయించుకున్న చీటీ చూపించాలి, లేదంటే పైన కాస్త మాంసం చల్లేస్తారు.

డబ్బు విషయం ముందే చూసుకోండి. అలీపే, వీచాట్ యాప్‌లలో మన వీసా లేదా మాస్టర్‌కార్డు కలుపుకోవచ్చు, ఊళ్ళో కూరగాయల బండి దగ్గర కూడా స్కానే. అలీపేలో 200 యువాన్లు దాటితే మూడు శాతం కట్ అవుతుంది. ఇద్దరూ చెరో కార్డు పెట్టుకోవడం మేలు, నాది రెండుసార్లు ఆగిపోతే అక్కది ఆదుకుంది. దక్షిణ కోసం, గుడి హుండీ కోసం కాస్త నోట్లు ఉంచుకోండి. వాట్సాప్, గూగుల్ పనిచేయాలంటే ఇండియా నుంచే రోమింగ్ లేదా విదేశీ ఈ-సిమ్ వేయించుకుని వెళ్ళాలి.

రెండింటిలో ఒకటే కుదిరితే ఏది అంటారా? చేతిపని చూడాలనుకుంటే, పెద్దవాళ్ళతో వెళ్తుంటే జూత్సున్. ప్రయాణం తేలిక, తిండి దొరుకుతుంది, పండుగకు వారం ముందు వెళ్ళండి. ఒళ్ళు కాస్త కష్టపెట్టగలిగితే, భాష తెలిసిన మనిషి తోడు దొరికితే షీహ. నా ఓటు షీహకే. 2025 అక్టోబరు చివర నుంచి కోల్‌కతా–గ్వాంగ్‌జౌ నేరు విమానం మళ్ళీ నడుస్తోంది, తర్వాత ఢిల్లీ నుంచీ మొదలైంది కాబట్టి ఇప్పుడు దారి ఖర్చు మాకైనంత కాదు. 2026లో ఏడో రాత్రి ఆగస్టు 19న వస్తుంది, షీహలో ఆగస్టు 12 సాయంత్రమే దేవతను పిలుస్తారు. మేము ఈసారి జూత్సున్‌లో ఆరో రాత్రి చూడాలని అనుకుంటున్నాం. నువ్వుల పువ్వు చేసిన ఆమె, తమ బల్ల మీదికి మన కుట్టుతో ఏడు చిట్టి బట్టలు పంపమని అక్కను అడిగింది. అక్క జర్దోసీతో బొటనవేలంత బ్లౌజులు ఇప్పటికి నాలుగు పూర్తి చేసింది.